గాలి తగలని గది

జనవరి 20

మాత్రలు మొదలుపెట్టాక నిన్నటి సంగతి ఇవాళ్టికి నిలవడం లేదు. పొద్దున ఏం తిన్నానో మధ్యాహ్నం అమ్మని అడగవలసి వస్తోంది. రేపు ఎవరైనా నన్ను ఏదైనా నిలదీస్తే గుర్తులేదు అనకూడదు. అందుకే ఇవాళ్టి నుంచి రాస్తున్నాను. ఎవరికీ చూపించడానికి కాదు.

జరిగినవి వరసగా పెట్టుకుంటాను. డిసెంబరులో విజయనగరం ఆస్పత్రిలో బాబు పుట్టాడు. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికే వచ్చాను, గజపతినగరం దగ్గర మా ఊరికి. ఇక్కడ స్నానాల గదిలో రెండుసార్లు పడిపోయాను. మొదటిసారి నీరసం అనుకున్నారు. రెండోసారి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయట, నోట్లోంచి నురగ వచ్చిందట. నాకు తెలియదు, అమ్మ చెప్పింది. డాక్టరు గారు ఫిట్స్ అన్నారు. తలకి స్కాన్ తీస్తే ఏమీ కనబడలేదు. ఏమీ కనబడకపోయినా ఫిట్స్ ఉండొచ్చన్నారు. మాత్రలు రాశారు. పాలివ్వడానికి ఇబ్బంది లేదని కూడా చెప్పారు.

పదిహేడో తారీఖున బొబ్బిలి నుంచి మా అత్తగారూ ఆయనా వచ్చి బాబుని తీసుకువెళ్లిపోయారు.

ఆయన పేరు గిరిబాబు. నా కోసమే కదా రాసుకుంటున్నాను, పేరు రాస్తే ఏమవుతుంది.

జనవరి 21

ఆ రోజు మాటలు మరిచిపోకముందే రాయాలి.

అత్తమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగలేదు.

"మత్తుబిళ్లలు మింగినదాని పాలు గుంటడికి ఏటి పడతాయి, వదినా? ఎత్తుకున్నప్పుడు ఇది పడిపోతే ఆడు ఏటవుతాడు?"

"నాను కనిపెట్టుకొని ఉన్నాను కదా వదినా," అంది అమ్మ.

"నువ్వు కనిపెట్టుకొని ఉండగానే కదా రెండుసార్లు పడిపోయింది!"

అత్తమ్మ ఈసారి నాన్న వైపు తిరిగింది. "అన్నా, పెళ్లికి ముందే ఉన్నాదా ఈ జబ్బు? ఉంటే అప్పుడే సెప్పీవలిసింది. మేం మనుషులం కామా?"

"నేదమ్మా," అన్నాడు నాన్న. మా నాన్న దాలయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ ఒక్క ముక్కా అని పశువుల శాల వైపు వెళ్లిపోయాడు.

ఆయన నా మొహంలోకి చూడకుండా బాబు బట్టలు సంచిలో సర్దుతున్నారు. నీలం టోపీ ఎక్కడుందని అడిగారు. దండెం మీద ఉందని చెప్పాను. నేను ఏడవలేదు. ఏడిస్తే అది కూడా జబ్బే అంటారనిపించింది.

కారు తిరిగేటప్పుడు బాబు ఏడుపు వినిపించింది. మెయిన్ రోడ్డు ఎక్కేదాకా వినిపించిందని అమ్మ అంటుంది. నాకు అంతదాకా గుర్తులేదు.

జనవరి 22

గీజరు వెలగలేదు. బ్యాటరీలు మార్చాను.

జనవరి 23

బ్యాటరీలు మార్చినా వెలిగి ఆరిపోతోంది. ఇవాళ మూత విప్పి చూశాను.

ఈ గీజరు మా తమ్ముడు వినోద్ తెచ్చాడు. విశాఖపట్నంలో హార్డ్‌వేర్ షాపులో పని చేస్తాడు. "అప్పా, నువ్వు పురిటికి వస్తే ఇంకా కట్టెల పొగేటి?" అని వాడే మోసుకొచ్చి స్నానాల గది గోడకి బిగించి వెళ్లాడు. సిలిండరు బయట, పైపు గోడలోంచి లోపలికి. కరెంటు అక్కర్లేదు. కుళాయి తిప్పితే టకటకమని నిప్పురవ్వ పడి మంట అంటుకుంటుంది, నీళ్లు అప్పటికప్పుడు కాగి వస్తాయి. అద్దపు కన్నంలోంచి మంట కనబడుతుంది.

దానితో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే, తర్వాత వినోద్. వాడు విశాఖలో ఉంటాడు కాబట్టి పాసుపుస్తకమైనా మందుచీటీ అయినా గీజరైనా నా పనే. ట్యాంకు మిద్దె మీద మరీ ఎత్తులో లేదు, అందుకని నీటి ఒత్తిడి అంతంతమాత్రమే. ఒత్తిడి చాలకపోతే మంట అంటుకోదు. నీళ్లు లోపలికి వచ్చే చోట చిన్న జల్లెడ ఉంటుంది. అందులో ఇసుక, తుప్పు పేరుకున్నాయి. పాత టూత్‌బ్రష్‌తో తోమాను. గ్యాస్ కారుతోందేమోనని పైపు అతుకుల మీద సబ్బునురగ రాసి చూశాను. బుడగలు రాలేదు. మళ్లీ బిగించాను. వెలిగింది.

చేతికి పని ఉంటే పాలు కారడం తెలియడం లేదు.

స్నానం మామూలుగానే. అమ్మ పసుపూ నూనే పట్టించి ఒళ్లంతా రుద్దింది. కాలే నీళ్లు పోసింది. తర్వాత నన్ను పీట మీద కూర్చోబెట్టి, వేడినీళ్ల కుళాయి తిప్పి వదిలేసి, గోనెపట్టా మడిచి పైన వెంటిలేటర్‌లో కుక్కింది. బయటికి వెళ్లి తలుపు కింద సందులో పాత చీర దోపింది. ఆవిరి పడితే బాలింత ఒంట్లో చలవ లాగేస్తుంది. గాలి తగిలితే పైత్యం, వాతం, ముసలితనంలో నడుము లేవదు. మా అమ్మమ్మ మా అమ్మకి ఇలాగే చేసింది. ఈ వీధిలో అందరికీ ఇలాగే చేస్తారు.

నేను పడిపోయిన దగ్గర్నుంచి అమ్మ తలుపుకి గొళ్లెం పెట్టనివ్వదు. బయట కూర్చుని "ఓలే అనూ" అని పిలుస్తూ ఉంటుంది. "ఊ" అనాలి. అనకపోతే తలుపు తోసుకొచ్చేస్తుంది.

తల దిమ్ముగా ఉంది. మాత్రల వల్ల అనుకుంటాను.

జనవరి 24

బుల్లమ్మ ఇంకా వస్తోంది. పక్క వీధి ముసలామె, పిల్లలకి నీళ్లు పోస్తుంది. బాబుకి రోజూ అరుగు మీద ఎండలో, కాళ్ల మీద పడుకోబెట్టుకుని పోసేది. బాబు వెళ్లిపోయాడని తెలుసు. అయినా పొద్దున్నే నూనెగిన్నె పట్టుకుని వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది.

"గుంటడు నేడు కదే బుల్లమ్మా, దేనికొచ్చినావు?" అంది అమ్మ.

"ఈ సేతికి సెప్పు. ఆడు నేడంటే ఇంటన్నాదేటి ఇది?"

నాన్నని పిలిచి మోకాళ్లకి నూనె రాస్తానంది. నాన్న చెంబు పట్టుకుని పొలానికి పరుగు. "మగోడు! ఈడికన్నా ఈడి మనవడే నయం, నూనెకి ఏడవనేదు" అని బుల్లమ్మ నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వినట్టే ఉన్నాను.

పాలు స్టీలు గ్లాసులోకి పిండి ఇస్తే, ఎవరూ తొక్కకూడదని అమ్మ మునగచెట్టు మొదట్లో పోసి వస్తోంది.

జనవరి 25

ఆయన వీడియో కాల్ చేశారు. బాబు నిద్రపోతున్నాడు. ఒక చెవి, నీలం టోపీ, అంతే కనబడింది.

"డబ్బాపాలు తాగుతున్నాడా?"

"తాగుతున్నాడు. నువ్వు మాత్రలు మానకు."

"మానడం లేదు."

"అనూ, మాఘ పౌర్ణమికి బారసాల అనుకుంటున్నారు అమ్మావాళ్లు. ఫిబ్రవరి పన్నెండు. ఇక్కడే. పీట మీద అంతసేపు నువ్వు కూర్చోలేవు కదా. మా అక్క ఉష కూర్చుని బాబుని పట్టుకుంటుంది. నువ్వు రా. వచ్చి చూసుకుని వెళ్లు."

"బాగుంది," అన్నాను.

జనవరి 26

బాగుంది అని ఎందుకన్నాను.

జనవరి 28

ఇవాళ నా స్నానం అయ్యాక అమ్మ ఆ గదిలోనే దుప్పట్లు ఉతకడానికి కూర్చుంది. చలిగా ఉందని తలుపు వేసుకుంది. గోనెపట్టా తీయలేదు. వేడినీళ్లు పోతూనే ఉన్నాయి.

నేను వంటింట్లో ఉన్నాను. తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అమ్మ గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చి వాంతి చేసుకుంది. మోకాళ్ల మీద కూలబడింది. మొహం తెల్లగా పాలిపోయింది.

"ఏటయిందమ్మా?"

"ఏటి నేదు. పైత్యం. తల పగిలిపోతన్నాది. నువ్వు ఇక్కడ నిలబడకు, సల్లగాలి."

బుల్లమ్మ వచ్చి దిష్టి తీసింది. "తల్లికీ కూతురికీ ఒకేపాలి తగిలినాది" అంది. పెరట్లో కూర్చోగా కూర్చోగా అమ్మ తేరుకుంది. మజ్జిగ తాగి మళ్లీ దుప్పట్లు అందుకుంది.

అమ్మకి ఫిట్స్ లేవు.

ఈ వాక్యం రాశాక చాలాసేపు ఇంకేమీ రాయలేదు. అమ్మకి ఫిట్స్ లేవు.

జనవరి 29

అమ్మా నాన్నా పొలానికి వెళ్లాక ఫోను పాలిథిన్ కవర్లో పెట్టి, మంట కనబడే కన్నానికి ఎదురుగా సబ్బుల గూట్లో నిలబెట్టి, వీడియో ఆన్ చేశాను. కుళాయి తిప్పాను. గోనెపట్టా కుక్కాను. చీర దోపి, తలుపు వేసి, పెరట్లో కూర్చున్నాను. నా స్నానం పట్టేంతసేపు ఆగాను. తర్వాత కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తలుపు తోసి, సిలిండరు కట్టేశాను. గది బాగా చల్లారాక వెంటిలేటరు తెరిచి, తలుపు ఓరగా ఉంచి, మళ్లీ అలాగే ఇంకొకటి తీశాను.

రెండో వీడియోలో మంట మొదటి నుంచి చివరిదాకా నీలంగా, పొట్టిగా, వరసగా ఉంది.

మొదటిదానిలో మొదట నీలం. తర్వాత చివరలు పసుపు. తర్వాత మొత్తం పసుపై, పొడుగై, దేనికోసమో వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ ఊగింది. అద్దం మసిబారింది.

గాలి చాలకపోతే గ్యాస్ పూర్తిగా మండదు. అప్పుడు పుట్టే వాయువుకి రంగు లేదు, వాసన లేదు. మనిషికి తల తిరుగుతుంది, వాంతి అవుతుంది, స్పృహ తప్పుతుంది, కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. ఇంకా కొంతసేపు ఉంటే చచ్చిపోతారు. డిగ్రీలో నాది కెమిస్ట్రీ. ఇది నాలుగు మార్కుల ప్రశ్న. నాకు నాలుగూ వచ్చాయి.

బాబుని ఆ గదిలోకి ఎప్పుడూ తీసుకువెళ్లలేదు. బుల్లమ్మ అరుగు మీదే పోసింది, ఎండలో.

నాకు ఫిట్స్ లేవు.

సంతోషం రావాలి. వచ్చాక రాస్తాను.

జనవరి 30

అమ్మకి చెప్పాను. గీజరు పాడైందని, లోపల ఏదో పూడుకుపోయి విషపు గాలి వదులుతోందని, అందుకే నేను పడిపోయానని, నిన్నకాక మొన్న తనకి వాంతి అయింది కూడా అందుకేనని.

అమ్మ గీజరు వైపు చూసి, "ఓలి దీని దుంప తెగ! వినోద్‌గాడు సూసి కొనక్కర్నేదా" అంది. ఇక దాన్ని ముట్టుకోనంది. గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి మోసుకొచ్చి పోసింది.

సాయంత్రం ఆయనకి ఫోన్ చేసి అదే చెప్పాను. గీజరులో లోపం ఉందన్నాను. అబద్ధం కాదు. లోపం ఉంది. ఎక్కడుందో చెప్పలేదు, అంతే.

ఆయన గొంతు మారింది. "నిజమేనా అనూ? అయితే మెకానిక్‌కి చూపిద్దాం. మా కొట్టు పక్కనే నవీన్ అని ఒకతను ఉన్నాడు, ఇవే బాగుచేస్తాడు. ఎల్లుండి తీసుకొస్తాను. లోపం ఉందని అతను అంటే అమ్మ కాదనలేదు."

ఆయనకి బొబ్బిలిలో ఎరువుల కొట్టు. కొట్టు మూసి వస్తానన్నారు. చాలా రోజులకి ఆయన నాతో అంతసేపు మాట్లాడారు.

జనవరి 31

అమ్మ మజ్జిగపులుసు పెట్టింది. రేపు అల్లుడు వస్తాడని స్నానాల గది కడిగింది.

ఫిబ్రవరి 1

వచ్చారు. వెళ్లారు.

ఫిబ్రవరి 2

నిన్నటిది రాయాలి.

అల్లుడు వస్తున్నాడని అమ్మ గదంతా కడిగి ఆరబెట్టింది. గోనెపట్టా ఉతికి పిట్టగోడ మీద వేసింది. తలుపు బార్లా, వెంటిలేటరు బార్లా. గాలి ఈ వైపు నుంచి వచ్చి ఆ వైపు పోతోంది. నవీన్ అనే అతను గీజరు మూత తీశాడు, బర్నరు విప్పి ఊదాడు, పైపులన్నీ చూశాడు, వెలిగించాడు. మంట చక్కగా నీలంగా ఉంది.

"కంప్లైంట్ ఏటీ నేదు సార్. కొత్త పీసు లాగుంది. ఎవరో బాగా చూసుకుంటన్నారు. జల్లెడ కూడా శుభ్రంగా ఉన్నాది."

ఆయన నా వైపు చూశారు.

అప్పుడే అత్తమ్మ ఫోను. స్పీకర్‌లో పెట్టమంది. నవీన్ మళ్లీ అదే చెప్పాడు. "ఇన్నావా గురమ్మ వదినా?" అని అత్తమ్మ మా అమ్మని పిలిచింది. "మెషీను బాగుందట. మరి రోగం దేనికి, మెషీనుకా మీ పిల్లకా?"

అమ్మ కాఫీ గ్లాసులు పళ్లెంలో పట్టుకుని నిలబడి ఉంది. నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. గోనెపట్టా పిట్టగోడ మీద ఎండుతోంది. దాని వైపే చూస్తున్నాను. ఫోన్లో వీడియో ఉంది, ఫోను చేతిలోనే ఉంది. అమ్మ పక్కనే ఉంది.

చెప్పలేదు.

వాకిట్లో కారు ఎక్కబోతూ ఆయన నా దగ్గరికి వచ్చారు. "జబ్బు ఉందంటే నేను నిన్ను వదిలేస్తానా అనూ? మా అమ్మ ముందు నన్ను ఇలా నిలబెట్టడం ఎందుకు? ఈ అబద్ధం ఎందుకు?"

ఆయన కారు తలుపు గట్టిగా వేయలేదు. గట్టిగా వేసినా బాగుండేది.

ఫిబ్రవరి 3

అమ్మ ఆ గోనెపట్టా ఇంకెవరికో కాదు, నా కోసమే కుక్కింది. నేను విజయనగరం కాలేజీ నుంచి ఆఖరి బస్సుకి వచ్చేదాన్ని. చదువుకున్న మూడేళ్లూ రోడ్డు మీద కల్వర్టు దగ్గర నిలబడేది. వర్షంలో గోనెపట్టాయే నెత్తి మీద వేసుకుని నిలబడేది. నేను దిగగానే తీసి నా నెత్తి మీద వేసేది. ఆ గోనెపట్టా ఇదేనా అని ఇవాళ ఆలోచించాను. కాదు. అది ఎప్పుడో చినిగిపోయి ఉంటుంది.

అమ్మకి చదువు రాదు. నేను ఏది చదివి చెబితే అది నమ్ముతుంది. మందు డబ్బా మీద ఉన్నదైనా, బ్యాంకు కాగితం మీద ఉన్నదైనా. ఇదీ చెబితే నమ్మదేమో అని కాదు నా భయం. నమ్ముతుంది.

చెప్పకపోతే ఉష వదిన పీట మీద కూర్చుంటుంది. బాబు చెవిలో పేరు చెప్పేటప్పుడు వాడు ఆమె ఒళ్లో ఉంటాడు. ఆ తర్వాత కూడా.

ఫిబ్రవరి 4

చెప్పాను.

మెషీను బాగుందని మెకానిక్ అన్నాడు కదా అని అమ్మ పొద్దున మళ్లీ గీజరు కిందే స్నానానికి సిద్ధం చేసింది. గోనెపట్టా మడుస్తోంది. చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చాను. నాన్న అక్కడే తాడు పేనుతున్నాడు. వీడియోలు చూపించాను.

"ఇదేటే?"

"మంటమ్మా. గీజరులో మంట. ఇది నువ్వు గోనెపట్టా పెట్టినట్టే పెట్టి తీసింది. ఇది తీసేసి తీసింది."

రెండూ చూసింది. మొదటిది మళ్లీ చూసింది. "పచ్చగా అయిపోతన్నాది."

"గాలి చాలక. మంటకి కూడా గాలి కావాలి. చాలకపోతే విషం కక్కుతుంది. గీజరులో ఏ లోపమూ లేదమ్మా."

అమ్మ నా మొహం చూసింది. కొంగు నడుముకి చెక్కుకుంది. గొంతు పెద్దది చేసింది. "మా యమ్మ నాకూ ఇలగే సేసింది! నువ్వు పుట్టినప్పుడు, వినోద్ పుట్టినప్పుడు. ఊపిరాడకుండా మూసీసేది. నానేటి సచ్చిపోనానా? ఈ వీధిలో ఏ బాలింత సచ్చిపోయింది, సెప్పు!"

"అప్పుడు కాగు పెరట్లో ఉండేది. కట్టెలు పెరట్లో మండేవి. నీళ్లే లోపలికి వచ్చేవి. ఇప్పుడు పొయ్యే లోపలికి వచ్చిందమ్మా. పొయ్యి లోపల పెట్టి మనం తలుపులు మూశాం."

నాన్న తాడు పేనడం ఆపాడు.

అమ్మ నడుముకి చెక్కిన కొంగు లాగి తీసింది. ఆ తర్వాత చిన్నగా, "మనం ఏటి. నానే మూసినాను" అంది.

"తెలీకమ్మా."

"తెలిసినోళ్లు ఎవులు మూస్తారే?"

నాన్న లేచి గునపం తెచ్చాడు. తలుపు ఊడదీసేస్తే పీడా పోతుందని బందుల దగ్గర మొదలుపెట్టాడు. అమ్మ అక్కడి నుంచే కేకేసింది. "మతి పోనాదా నీకు? ఆడోళ్లు తానం సేసే గదికి తలుపు నేకండా! వీధిలోకి డప్పు కూడా కొట్టించు!"

నాన్న గునపం పట్టుకుని ఎటూ తోచక నిలబడిపోయాడు. నాకు నవ్వు వచ్చింది. ఎందుకో ఆపుకోలేకపోయాను. అమ్మ నవ్వలేదు. పని చూసుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. సాయంత్రం దాకా ఏమీ తినలేదు.

నాన్న తలుపు వదిలేసి వెంటిలేటరు అద్దాలు పీకేశాడు.

ఫిబ్రవరి 5

పొగవాసనకి మెలకువ వచ్చింది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, అటక మీది పాత కాగు దింపి, అమ్మ నీళ్లు కాస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగకి అంది.

"నీళ్లు కాగినాయి, లెగు."

గదిలోకి బిందెలతో మోసింది. నూనె పట్టించింది. ఎప్పుడూ రుద్దినట్టే రుద్దింది, కొంచెం మెల్లగా. నీళ్లు పోసింది. పీట మీద కూర్చున్నాను. అద్దాలు లేని వెంటిలేటరులోంచి చలిగాలి సూటిగా వచ్చి తడి వీపుకి కొట్టింది. వణికాను.

చలి వేసింది. ఇన్ని రోజులకి ఏదో ఒకటి వేసింది.

అమ్మ గోనెపట్టా కోసం చెయ్యి చాపబోయి ఆగింది. చుట్టూ చూసింది. ఆ తర్వాత బిందె కింద పెట్టి, నాకూ వెంటిలేటరుకీ మధ్యకి వచ్చి, గాలికి వీపు పెట్టి నిలబడింది.

"తుడుసుకో. నీకు తగల్దు."

తుడుచుకుని చీర కట్టుకునేదాకా అలాగే నిలబడింది. నాకు పాలు చేపుకు వచ్చాయి. గ్లాసు తెస్తానంది. వద్దన్నాను. చీర తడిసిపోతుంటే అలాగే కూర్చున్నాను.

ఫిబ్రవరి 6

అమ్మా నేనూ విజయనగరం వెళ్లి డాక్టరు గారికి వీడియోలు చూపించాం. ఆయన మొదటిది రెండుసార్లు చూశారు. పడిపోయిన రెండుసార్లూ ఎక్కడున్నావు, ఎంతసేపు, ఇంకెవరికైనా తలనొప్పి వచ్చిందా అని అడిగారు. అమ్మ తన వాంతి సంగతి చెప్పింది. ఇలాంటి కేసులు ఫిట్స్‌లాగే కనబడతాయని, నాది అదే అయి ఉంటుందని అన్నారు. మాత్రలు ఒక్కసారిగా మానకూడదు, నెమ్మదిగా తగ్గిద్దామన్నారు. మా ఆయన అడిగితే ఫోన్లో తనే చెబుతానన్నారు.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని, "మీ అత్తకి ఫోన్ కలుపు" అంది.

"ఇంటికి వెళ్లాక మాట్లాడదాం."

"ఇంటికెల్తే నోరు రాదు. ఇక్కడే కలుపు."

కలిపి స్పీకర్‌లో పెట్టాను. బస్సంతా వినేలా మాట్లాడింది. అమ్మకి ఫోనులో గట్టిగా మాట్లాడితేనే వినబడుతుందని నమ్మకం.

"జగ్గమ్మ వదినా, నాను గురమ్మని. పిల్లకి రోగం నేదు. మెషీనుకీ రోగం నేదు. గాలి తగలకూడదని పైకిటికీలో గోనె కుక్కినది నాను. తలుపు కింద సీర దోపినది నాను. మంట లోపల ఉన్నాదని నాకు తట్టనేదు. నా సేతుల్తోనే సంపీబోయాను దాన్ని. అది నా పేరు సెప్పనేక నోరు మూసుకుంది, అబద్ధమాడినాదని నీ కొడుకు అనుకున్నాడు. తిట్టాలంటే నన్ను తిట్టు."

అవతల బాబు ఎక్కడో ఉంగా ఉంగా అంటున్నాడు.

"కూతుర్ని కాయడానికి తల్లి ఏటైనా సెప్తాది," అంది అత్తమ్మ. కానీ ఆ మాట మునుపటంత గట్టిగా లేదు. "గిరి రానీ. ఆడితో మాట్లాడతాను" అని పెట్టేసింది.

అమ్మ ఫోను నాకిచ్చి కిటికీ అద్దం పూర్తిగా పక్కకి తోసింది. గాలి విసురుగా వస్తోంది. తల మీద కొంగు కప్పుకోమని నాతో అనలేదు.

ఫిబ్రవరి 7

ఇది ఆయనకి ఇప్పుడే వాట్సాప్‌లో పంపాను. ఏం పంపానో గుర్తుండాలని ఇక్కడ కూడా రాసుకుంటున్నాను.

గిరిబాబు గారికి,

రెండు వీడియోలు పంపుతున్నాను, పూర్తిగా చూడండి. మంట పసుపుగా మారినది, మా అమ్మ నాకు గాలి తగలకుండా మూసినట్టే మూసి తీసింది. మీరు నవీన్‌ని తీసుకొచ్చిన రోజు గది తెరిచి ఉంది, అందుకే మంట నీలంగా ఉంది. అతను చెప్పింది నిజమే. గీజరులో లోపం లేదు. లోపం ఉందని నేను మీతో అన్నది మా అమ్మ మాట పైకి రాకూడదని. ఆ ఒక్క అబద్ధమే ఆడాను. పెళ్లికి ముందు నాకు ఏ జబ్బూ లేదు, ఇప్పుడూ లేదు. డాక్టరు గారి నంబరు కింద పెట్టాను. మీరే మాట్లాడండి, అత్తమ్మని కూడా మాట్లాడించండి.

అత్తమ్మకి నమ్మకం చాలకపోతే ఇక్కడికి వచ్చి నాతో ఉండమనండి. నేను స్నానం చేసేటప్పుడు పక్కనే కూర్చోమనండి. వెంటిలేటరుకి ఇప్పుడు అద్దాలు లేవు, చలిగా ఉంటుంది, శాలువా తెచ్చుకోమనండి.

నాకు పాలు ఉన్నాయి. ఇంకా ఎన్నాళ్లు ఉంటాయో తెలియదు. పన్నెండో తారీఖున నా కొడుకుని ఒళ్లో పెట్టుకుని పీట మీద నేనే కూర్చుంటాను. మీరు బాబుని తీసుకుని ముందుగా ఇక్కడికి వస్తారా, నన్నే బొబ్బిలి రమ్మంటారా, అది మీరు చెప్పాలి. మీరు ఏమీ చెప్పకపోతే పదో తారీఖు పొద్దున బస్సుకి అమ్మా నేనూ బయలుదేరి వస్తాం.

తొమ్మిదో తారీఖు, ఆదివారం, చీకటి పడేలోగా జవాబు ఇవ్వండి.